బ్యాటరీ లోపలి ఓము

డెబ్బైల చివర ఎమ్మిగనూరులో మాకు పదో తరగతి సైన్సు చెప్పిన సారుకు ఒక అలవాటుండేది. సర్క్యూటు గీయగానే లెక్క చేయనిచ్చేవారు కాదు. కరెంటు పోయే దారిని ముందు వేలితో చూపించమనేవారు. "ఇంకో దావ ఉందా?" అని అడిగేవారు. లేదంటే, "అట్లయితే దావలో అడ్డమొచ్చినవన్నీ కూడు" అనేవారు.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి ముందు రెండు ఓములు, మూడు ఓముల తీగచుట్టలను వరుసగా కలిపి ఆరు వోల్టుల బ్యాటరీ పెట్టారు. మొత్తం ఐదు ఓములు గనక ఒకటి పాయింటు రెండు ఆంపియర్లు రావాలని బోర్డు మీద రాశారు. మీటరు ముల్లు ఒకటి దగ్గరే ఆగిపోయింది.

"లెక్క తప్పా, మీటరు తప్పా?" అని అధికారి నవ్వారు. సారు ముఖం వాడిపోయింది. నేను ఉండబట్టలేక లేచాను.

"సార్, కరెంటు బ్యాటరీ లోపల కూడా పోవల్ల కదా? దాన్ని మనం కూడలేదు."

బ్యాటరీలో ఇంకొక ఓము ఉందనుకుంటే మొత్తం ఆరు ఓములై, లెక్క సరిగ్గా ఒక ఆంపియరుకు సరిపోయింది. సారు అధికారి వైపు తిరిగి, "తప్పు మీటరుది గాదు సార్, నాది. ఈ పాప పట్టుకునింది" అన్నారు.

పదితో నా చదువు మాన్పించి మగ్గం మీద కూర్చోబెట్టాలని మా నాయన అప్పటికే అనుకున్నాడు. ఆ సాయంత్రం సారు మా ఇంటికొచ్చారు.

"అన్నా, ఈ పొద్దు మీ పాప నాకు పాఠం సెప్పింది. ఆదోని కాలేజీకి పంపించు."

నాయన నేత ఆపి నన్ను చూశాడు. "ఏం సెప్పినావు? నాకూ సెప్పు."

సారు జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతికిచ్చారు. మగ్గం పక్కన నేల మీదే గీసి చెప్పాను. పది పరీక్షలయ్యి, ఎండాకాలం సెలవులు కాగానే నాయనే నన్ను ఆదోని బస్సెక్కించాడు.