కమలవ్వ మోరీలో నీలి మట్టి

ఆసిఫాబాద్ దారుల్లో చెప్పులను పట్టుకుని వదలని రేగడి మట్టి నాకు పాత పరిచయమే. అందుకే కరీంనగర్ అవతల, మరమగ్గాలు మోగే ఒక ఊళ్లో కమలవ్వ తన ఇంటి పక్క మురుగు మోరీకి ఆ మట్టినే మెత్తుతుంటే ఆగి చూశాను. ఆ వాడకట్టులో అది అలవాటు. వానలకు ముందు పొలం నుంచి రేగడి తెచ్చి మోరీ అంచులకు పట్టిస్తారు. తడి తగిలితే ఉబ్బి, మురికినీళ్లు బావిలోకి ఊరకుండా ఆపుతుంది.

అరవై దాటిన కమలవ్వ మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. పెనిమిటి పోయాక ఆమెకు మిగిలింది ఆ ఇల్లు, పెరట్లో బావి. ఇరుగుపొరుగులు కూడా ఆ నీళ్లే తాగుతారు.

ఎగువన లక్ష్మీరాజం జనపనారకు రంగులద్దే షెడ్డు పెట్టాడు. పెళ్లిళ్లలో పంచే సంచులు అక్కడ తయారవుతాయి. ప్రకృతిని కాపాడమని వాటి మీద రాసి ఉంటుంది. రంగునీళ్లు మాత్రం మోరీలోకే. మొన్న ఎండలకు రేగడి నెర్రెలు బారింది. ఆ నెర్రెల్లోంచి బావిలోకి నీలం దిగింది. కమలవ్వ ఊరుకునే మనిషి కాదు. అధికారులకు ఫిర్యాదు పెట్టింది.

తనిఖీ సంగతి తెలిసిన లక్ష్మీరాజం మర్యాదగా వచ్చాడు.

"అక్కా, నీ బావి జర ఖరాబైందట గదా. పూడిక తీపిస్త, ఫికర్ చెయ్యకు."

కమలవ్వ నమ్మి ఛాయ్ కూడా పోసింది. అతను బావి తోడించాడు, షెడ్డు బంద్ పెట్టాడు, ట్యాంకర్ తెప్పించి మోరీ కడిగించాడు. మర్నాడు అధికారి పద్మలత వచ్చి చూస్తే బావిలో ఊరిన కొత్త నీళ్లు తేటగా ఉన్నాయి.

"మా అక్కకు కండ్లు మసకలు పడ్డయి మేడం" అన్నాడు లక్ష్మీరాజం.

"తెగిన పోగు ఎతికి ముడేస్తున్న, నా కండ్లకేమైంది? నిన్న ఛాయ్ పోసినప్పుడు నీ కడుపుల ఉన్నదే కనవడలే" అని, ఆమె గడ్డపారతో మోరీలోకి దిగింది.

"ఆగక్కా, మోరీ ఖరాబ్ చేస్తవా?"

"నా మట్టి, నేను మెత్తిన. నువ్వు పక్కకు జరుగు."

పెళ్ల విరిస్తే పాత నెర్రెల వెంట నీలం, బావి దిక్కుగా లోపలిదాకా.

"ఎవరో చీరె పిండిన రంగు మేడం, కడిగితే పోతది."

"కడగండమ్మా" అంది పద్మలత. కమలవ్వ బకెట్లో పిసికి, నీళ్లు మార్చి మార్చి కడిగింది. బురద పేరుకున్నాక పైన నీళ్లు తేట, అడుగున మట్టి నీలం.

రేగడి రేణువు పుస్తకంలాంటిది, లోపలంతా సన్నటి పొరలు. పొరల మీద రుణావేశం, ఆ నీలి రంగు అణువు మీద ధనావేశం. తడికి పొరలు విచ్చుకోగానే అణువు మధ్యలో దూరి అతుక్కుంటుంది. మామూలు నీళ్లకు ఊడిరాదు. పూర్వం ఆడవాళ్లు తలకు ఈ మట్టినే రుద్దుకునేవారు, జిడ్డును పట్టుకుపోతుందని. పద్మలత ఆ పెళ్లను పరీక్షకు పంపడానికి సంచిలో కట్టి సీలు వేసింది. రంగునీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు అయ్యేదాకా షెడ్డు నడపవద్దంది.

జరిగిన సంగతంతా కమలవ్వ మట్టి మెత్తుతూనే చెప్పింది. అంతలో లక్ష్మీరాజమే వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, గా మట్టి తీసెయ్యి. నేనే సిమెంటు పోయిస్త."

"ఒకపారి మంచి చేసినవు తమ్మీ, అదే సాలు."

"సిమెంటైతే నెర్రెలు రావు గదనే."

"తడుపుతుంటే గిది గూడ రాదు. ఎండాకాలమంత పొద్దుగాల నీళ్లు కొడత. నువ్వు మల్ల రంగునీళ్లు ఇడువు, గిది మల్ల పట్టుకుంటది. మేడం నంబరు నాకాడ ఉన్నది."

అతను ఇంకా అక్కడ ఉండగానే, పెళ్ల తీసిన గుంతలో కొత్త ముద్ద వేసి అరచేత్తో చరిచింది.