ఉదయం ఆరింటికి కాళ్ల తనిఖీ

కాజీపేటలో నా డ్యూటీ ఏప్రిల్ మొదటి సోమవారం ఉదయం ఆరింటికి మొదలైంది. పట్టాలకు ఇవతల రేకుల షెడ్డు, పన్నెండు మంచాలు, ఒక నీళ్ల కుండ. ఇల్లు లేక, మందు మానలేక అల్లాడేవాళ్లు ఉండే చోటు. నేనూ తాగి కొంప పోగొట్టుకుని ఏడాది ప్లాట్‌ఫాం మీద పడుకున్న మాజీ ఫౌజీనే. మానేసి పద్నాలుగు నెలలైంది కనుక, వాళ్లకు తోడుండమని షెడ్డు నడిపేవాళ్లు నన్ను వేశారు.

మంచుకొండల పోస్టులో మాకొక పద్ధతి ఉండేది. రోజూ ఉదయం జోడీదారు బూట్లు విప్పించి పది కాలివేళ్లూ నొక్కి చూడాలి. మంచు కొరికి వేలు నల్లబడితే మనిషి దాస్తాడు. జోడీదారు దాచనివ్వడు. అదే పద్ధతి షెడ్డులో పెట్టాను. రోడ్డు మీద బతికిన కాళ్లకు పుండ్లు తప్పవు. కాళ్లు చూస్తుంటే ఎవరైనా కాసేపటికి నోరు విప్పేవారు.

నా జోడీ ఒక తాపీ మేస్త్రి. మొదటిరోజే చెప్పాడు.

"నలభై దినాలు తాగకుంటె వచ్చి మంచిర్యాలకు తోల్కపోత నాయినా అన్నది నా బిడ్డ. జర కనిపెట్టుకోని ఉండు ఫౌజన్నా."

"నేనున్న గద తమ్మీ. ఫికర్ జెయ్యకు."

"నా కాళ్లు నువ్వు జూస్తవ్. మరి నీయి?"

నవ్వి బూటు లేసు బిగించుకున్నాను. హవల్దార్ పొగరు చచ్చినా పోదు.

అతని ముప్పై నాలుగో రోజు, నా పెళ్లిరోజు. ధర్మసాగర్‌లో ఉన్న నా భార్య, నన్నింకా నమ్మలేక, ఫోన్ ఎత్తలేదు. మధ్యాహ్నం రెండింటికి వైన్స్ పక్క పర్మిట్ రూమ్‌లో తేలాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా!

మూడింటికి మేస్త్రి లోపలికొచ్చాడు. ఆ వాసనలోకి, నన్ను వెతుక్కుంటూ. అతని చూపు నా గ్లాసు మీద ఆగింది. అతని బిడ్డ గుర్తొచ్చి గ్లాసు వెనక్కి లాక్కున్నాను.

"బయటికి పో తమ్మీ!"

పోలేదు. నేల మీద కూర్చుని నా బూట్లు విప్పాడు. సిమెంటు తినేసిన వేళ్లతో ఒక్కొక్క కాలివేలూ నొక్కాడు.

"పదీ మంచిగున్నయ్. నడువన్నా."

వెంట నడిచాను. మరునాడు ఉదయం నాకు మళ్లీ ఒకటో రోజు. కాళ్లు ముందు నేనే చాపాను.

నలభై ఒకటో రోజు బిడ్డ వచ్చి అతన్ని రైలెక్కించింది. అక్టోబర్‌లో నేనూ ఇల్లు చేరాను.

ఇప్పటికీ ఆరింటికి గడపలో కూర్చుని కాళ్లు చాపుతాను. నా భార్య నొక్కి చూస్తుంది. ఆమె చేతులు మెత్తన. ఆ గరుకు వేళ్ల కోసం మాత్రం నాకు రోజూ బెంగే.