యోనాస్‌కు పోసిన కాఫీ

పొద్దు గూకగానే మా పోర్టా క్యాబిన్ గోడలు టక్కు టక్కుమంటాయి. పగలంతా కాగిన ఇనుము చల్లబడేటప్పుడు వచ్చే చప్పుడు అది. సౌదీలోని ఈ ఖఫ్జీ క్యాంపుకు కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో తలుపు కొడుతున్నారనుకుని లేచి వెళ్ళి తీస్తారు. బయట ఇసుక, కంచె, కువైట్ వైపు పోయే రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ ఉండవు. ముఖం వేలాడేసుకుని మళ్ళీ వచ్చి ఫోన్ చూస్తూ పడుకుంటారు. నేను మాత్రం ఆ చప్పుడు వినగానే లేచి పెనం పొయ్యి మీద పెట్టి గుప్పెడు పచ్చి కాఫీ గింజలు వేస్తాను. చూసేవాళ్ళకు ఇది పిచ్చిగానే ఉంటుంది. అంతకుముందు పనిచేసిన రాబిగ్‌లో ఇద్రీస్ చాచాను మొదటిసారి చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

ఇద్రీస్ చాచాది ఎర్ర సముద్రానికి అవతలి గట్టు. రాబిగ్‌లో మా క్యాంపు వెనక నిలబడి పడమటికి చూస్తే నీళ్ళు కనిపిస్తాయి. ఆ నీళ్ళకు అవతల, కాస్త దక్షిణంగా ఆయన దేశం. దాని పేరు ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. ‘ఆ గట్టు’ అనేవాడు. ఆయన పలకని పేరు నేను రాయడం బాగుండదు కాబట్టి నేనూ ఆ గట్టు అనే అంటాను. అక్కడ ఆయన బడిలో భూగోళం చెప్పేవాడట. ఈ గట్టున రిఫైనరీ పనివాళ్ళకు పనిముట్లు ఇచ్చి తీసుకునే స్టోరులో ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, తలుపులోంచి వచ్చేటప్పుడు అవసరం లేకపోయినా వంగి వచ్చేవాడు. అరబ్బీ కలిసిన ఉర్దూలో మాట్లాడేవాడు. కడప జిల్లా వాళ్ళతో ఏళ్ళ తరబడి కలిసి ఉన్నందువల్ల రెండు మూడు తెలుగు మాటలు మాత్రం మా యాసలోనే పట్టేశాడు. నేను మొదటి రోజు పెట్టె దించుకుంటూ ఉంటే పక్క క్యాబిన్ ముందు కూర్చుని ఆయన అడిగిన మొదటి మాట, “తిన్యావా?” జమ్మలమడుగు నుంచి అంతదూరం వచ్చినవాణ్ణి, ఒక్క క్షణం నా ప్రాణం లేచి వచ్చింది.

ఆయనకు క్యాబిన్ ఉంది, మంచం ఉంది, ఏసీ ఉంది. కానీ బయట ఇసుక మీద చాప పరుచుకుని పడుకునేవాడు. వేసవిలో కూడా అంతే. మా బస్సు నడిపే మస్తాన్‌ది రాయచోటి. వాడు నా చెవిలో, “ఆయప్పకు మెంటలన్నా. లోపల సల్లగా పండుకోకుండా ఈ ఉబ్బలో బయట ఏంటికి?” అన్నాడు. నేను నవ్వాను. ఎవరి తిక్క వాళ్ళకానందం అనుకున్నాను.

గోడలు టక్కుమనడం మొదలవగానే చాచా పొయ్యి వెలిగించేవాడు. గింజలు నల్లబడి పొగ రేగితే, ఆ పెనం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చేత్తో పొగను ముఖాల మీదికి తోలేవాడు. తర్వాత చిన్న రోట్లో దంచి, మెడ పొడుగ్గా ఉండే మట్టి కూజాలో అల్లం ముక్కతో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోసేవాడు. అదే పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి, మళ్ళీ మూడోసారి. మొదటిది చిక్కటి కషాయం. మూడోదాన్ని మస్తాన్ “గిన్నె కడిగిన నీళ్ళు” అనేవాడు. నేను మొదటి రోజు ఒక కప్పు తాగి, బాగుందని చెప్పి, ఇంటికి ఫోన్ చేసుకోవాలని లేచాను. చాచా ముఖం చప్పున మాడిపోయింది. మర్నాడు అందరికీ పోసి నాకు పోయలేదు. నాకసలే ముక్కు మీద కోపం. ఏమిటీ అవమానం అని అడిగాను. “మూడోది తాగకుండా లేచేవాడికి మొదటిది పోయడం నా వల్ల కాదు. మూడూ తాగుతానంటే కూర్చో, లేకపోతే ఫోన్ చేసుకో” అన్నాడు. విసుక్కుంటూనే కూర్చున్నాను. ఇంతకూ ఫోన్ చేస్తే మా ఇంట్లో వాళ్ళు టీవీ చూస్తూ ‘ఊ, ఊ’ అనడమే కదా.

అక్కడ కూర్చోవడానికి ఒక పద్ధతి ఉండేది. మొదటి కప్పుకు ఆ రోజు చూసినదేదైనా చెప్పాలి. రెండో కప్పుకు మన ఊరిది ఏదైనా చెప్పాలి. నేను పెన్నా నది గురించి చెబితే ఆయనలోని పంతులు బయటికి వచ్చేవాడు. ఒకసారి ఇసుక మీద పుల్లతో గీత గీసి, “మీ నది ఏ దిక్కుకు పారుతుంది?” అని అడిగాడు. “నీళ్ళుంటే తూర్పుకు చాచా” అన్నాను. పగలబడి నవ్వాడు. మూడో కప్పుకు మాత్రం మాటలుండవు. పోసినవాడు “రేపు కూడా కూర్చుందాం” అంటాడు, మిగతావాళ్ళు ఆమీన్ అంటారు. ఆ మూడో విడతలోనే చాచా ఒక కప్పు ఎక్కువ పోసి ఎవరూ లేని చోట పెట్టేవాడు. అది చల్లారిపోయాక ఇసుకలో పోసేవాడు. ఎవరిదని అడిగితే, “రావలసిన మనిషి ఒకడున్నాడు” అనేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను ఒళ్ళు మండిపోయి ఉన్నాను. ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అడిగితే కంపెనీ వాళ్ళు మళ్ళీ వాయిదా వేశారు. “ఇది క్యాంపు కాదు చాచా, జైలు” అని తలుపును కాలితో తన్నాను. ఆయన లేచి వచ్చి నా తలుపును అటూ ఇటూ ఊపి చూసి, “దీని గడియ ఏ వైపుంది?” అని అడిగాడు.

“లోపలి వైపు.”

“సంతోషించు” అన్నాడు. కోపంగా కాదు, బడిలో పిల్లవాడు సరిగ్గా చెప్పినప్పుడు అన్నట్టు. తర్వాత గుమ్మంలో కూర్చుని ఆయనే చెప్పాడు.

ఆ గట్టు మీద, ఒక సభలో ఆయన ఒక ప్రశ్న అడిగాడు. బడి నుంచి నేరుగా సైన్యపు చాకిరీకి తీసుకుపోతున్న మా పిల్లలను ఎప్పుడు ఇంటికి పంపుతారు, అని. అంతే. విచారణ లేదు, శిక్ష ఇన్నేళ్ళని చెప్పినవాడు లేడు. సరుకుల ఓడల మీద వచ్చే ఇనుప పెట్టెలు ఎడారిలో వరసగా పెట్టి, వాటిలో మనుషులను కుక్కారు. పగలు రాళ్ళు కొట్టే పని. పని లేని రోజు ఆ పెట్టెలోనే. కిటికీ ఉండదు. గడియ బయట. ఇనుము టక్కుమంటే పొద్దు గూకిందని తెలిసేది. అప్పుడు వాళ్ళలో వంతుకొకడు కాఫీ పెట్టేవాడట. గింజల్లేవు, నిప్పు లేదు, కూజా లేదు. ఉత్త చేతులతో వేయించేవాడు, దంచేవాడు, ఒక్కొక్కరి ముఖం మీదికి లేని పొగను తోలేవాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చేవాళ్ళు. మూడు విడతలూ పోసేవాడు. ముస్లింలూ క్రైస్తవులూ కలిసే ఆమీన్ అనేవాళ్ళు. “తిండి వల్ల బతకలేదు నేను. రేపు కూడా కూర్చోవాలి కాబట్టి బతికాను” అన్నాడు.

ఆయన పక్కన కూర్చునేవాడి పేరు యోనాస్. లారీ డ్రైవరు. ఒక సాయంత్రం పోసే వంతు అతనిది. రెండో విడత అయ్యాక కాపలావాళ్ళు బయట గడియ తీసి అతని పేరు పిలిచారు. లేస్తూ, “నా మూడోది ఉంచండి, వస్తాను” అన్నాడు. రాలేదు. చాలాకాలం తర్వాత ఒక దుమ్ముగాలి రోజు చాచా రాళ్ళ గుట్ట నుంచి తప్పించుకుని, ఎలాగో పడవ పట్టి ఈ గట్టుకు చేరాడు. అప్పటినుంచి ఆ కప్పు పోస్తూనే ఉన్నాడు. ఇనుప గోడల మధ్య మాత్రం పడుకోలేడు. నేను ఆ రోజు మస్తాన్‌కు చెప్పాను. వాడు ‘మెంటల్’ అన్న మాట ఇంకెప్పుడూ అనలేదు.

తర్వాతి ఏడాది చాచా పాస్‌పోర్టు గడువు ముగిసింది. అది లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, ఇకామా, కొత్తది చేయరు. ఇకామా లేనివాణ్ణి పట్టుకుంటే ఆ గట్టుకే పంపుతారు, అంటే ఆ పెట్టెకే. జెద్దాలో వాళ్ళ దేశపు ఆఫీసు వాళ్ళు పాస్‌పోర్టు ఇస్తామన్నారు కానీ ఒక కాగితం మీద సంతకం అడిగారు. తాను దేశద్రోహం చేశాననీ, తనకూ తనతో ఉన్నవాళ్ళకూ పడిన శిక్ష న్యాయమేననీ ఒప్పుకోవాలి. చాచా రెండుసార్లు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. ఇకామా గడువు దగ్గరపడుతుంటే నాకు భయం పట్టుకుంది. మస్తాన్ ఉండబట్టలేక, “ఒక్క సంతకం గదా చాచా. గీకేసి రా. పానం కంటే పెద్దదా అది?” అన్నాడు. నేనూ వాడినే బలపరిచాను. ఇప్పుడైనా అదే అంటాను. మనిషి మిగలాలి ముందు.

మూడోసారి మస్తానే జెద్దాకు తీసుకుపోయాడు. ఆ సాయంత్రం గోడలు టక్కుమన్నాయి. పక్కన పొయ్యి వెలగలేదు. మస్తాన్ వచ్చి, “పెట్టినాడన్నా సంతకం. దావంతా మాట్లాడల్యా. లోపలికి పొయ్యి తలుపేసుకున్యాడు” అన్నాడు. ఎన్నడూ లోపల పడుకోనివాడు లోపల తలుపు వేసుకున్నాడనగానే పరిగెత్తాను. వెళ్ళి కొట్టాను. “గడియ నీ వైపే ఉంది చాచా” అన్నాను.

చాలాసేపటికి గడియ చప్పుడైంది. ఆయన్ని చాప మీద కూర్చోబెట్టి పెనం నేను పెట్టాను. గింజలు మాడాయి. అల్లం మరిచాను. కాఫీ పొంగి పొయ్యి ఆరిపోతే మళ్ళీ వెలిగించాను. మొదటి కప్పు చాచా మాట్లాడకుండా తాగాడు. రెండోదానికి “మాడింది” అన్నాడు. ఆ ఒక్క మాటకే మస్తాన్ ముఖం వెలిగిపోయింది. మూడో విడతకు ఎక్కువ కప్పు తీస్తే, చాచా దాని మీద అరచెయ్యి మూశాడు.

“వద్దు రమణా. ఆ కాగితంలో యోనాస్ కూడా దోషే. అవునని నేను సంతకం పెట్టాను. అతనికి ఇక నేను పోయకూడదు.”

“నేను పెట్టలేదు గదా” అన్నాను. “నేను పోస్తాను.”

ఆయన నన్ను చూశాడు. చెయ్యి అలాగే కప్పు మీద ఉంది. గోడలు చల్లబడి చప్పుడు ఆగిపోయేదాకా అలాగే ఉంచి, తర్వాత తీశాడు. నేను పోశాను. “రేపు కూడా కూర్చుందాం” అన్నాను. ఆమీన్ అనబోయి ఆయన ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. మస్తాన్ ఒక్కడే అన్నాడు ఆమీన్ అని.

ఆ తర్వాత రాబిగ్‌లో ఉన్నన్నాళ్ళూ యోనాస్ కప్పు నేనే పోశాను. కంపెనీ నన్ను ఖఫ్జీకి మార్చినప్పుడు చాచా ఆ కప్పును లుంగీ గుడ్డలో చుట్టి నా పెట్టెలో పెట్టాడు. “ఇది నీతోనే ఉండాలి” అన్నాడు. ప్రతి శుక్రవారం పొద్దు గూకాక ఫోన్ చేసేవాడు. ఎలా ఉన్నావు, ఏమిటి అని ఏమీ ఉండదు. “పోశావా?” అనేవాడు. “పోశాను చాచా” అనేవాణ్ణి. పెట్టేసేవాడు.

పోయిన చలికాలంలో మస్తాన్ ఫోన్ చేశాడు. “చాచా పోయినాడన్నా. తెల్లారి చూస్తే సాప మీదనే కండ్లు మూసినాడు. రాబిగ్‌లోనే మన్ను జేసినాం.” నేను అడగకుండానే, “నిన్న మూడోది తాగినంకనే పండుకున్యాడన్నా. నేనే పోసినా” అన్నాడు.

అందుకే చాచాకు నేను కప్పు పెట్టను. ఆయన తన మూడోది తాగే వెళ్ళాడు. ఆ గట్టుకు ఆయన్ని ఎవరూ తీసుకుపోలేకపోయారు. నా కప్పు పక్కన, నేనెన్నడూ చూడని లారీ డ్రైవరు కప్పు ఒక్కటే ఉంటుంది. ఈ క్యాంపులో నాతో కూర్చునేవాళ్ళు లేరు. మొదటి విడతకు ఆ రోజు చూసిందీ, రెండోదానికి మా పెన్నా గురించీ నాకు నేనే చెప్పుకుంటాను. మూడోది పోసి, తలుపు బార్లా తెరిచి కూర్చుంటాను. శుక్రవారాల్లో ఫోన్ మోగదని తెలుసు. అయినా ఆ వేళకు “పోశాను చాచా” అని పైకే అంటాను.