పంపు స్టవ్వు మీద జెట్ విమానం

దుర్గయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి: జెట్ విమానం మోత తగ్గించాలి. విమానాశ్రయంలో ఇంజన్ల షెడ్డు ఊడ్చే ఉద్యోగం అతనిది. అక్కడి ఇంజనీర్ల మాటలన్నీ చెవిన వేసుకుని సాయంత్రానికి కామాటిపురలో తాముండే ఒంటిగదుల చాల్‌కు మోసుకొచ్చేవాడు. భార్య రత్నాబాయి కాళ్లకు నీళ్లిచ్చేలోపే పాఠం మొదలయ్యేది.

"ఇంజను కన్న ఎనకాల మోత ఎక్కువే. వేడిగాలి దూసుకొచ్చి బయటి చల్లగాలిని గుద్దుతది. గొట్టం మూతిని పువ్వు రెక్కల లెక్క మలిచినమనుకో, ఒక్క పెద్ద మోత పది చిన్న మోతలైతది. చిన్నయి గాలిల్నే కలిసిపోతయి."

"మంచిది. గిర్నీకాడికి పోయి జొన్నలు పట్టించుకరా."

ఆ పది చిన్న మోతలే అతని తారకమంత్రం. నల్లా దగ్గర ఆడవాళ్లు కొట్లాడుకుంటుంటే మధ్యలో దూరి మూడు వరుసలు చేశాడు. ఒక పెద్ద కొట్లాట మూడు కొట్లాటలైంది. ఈలోగా నీళ్లు పోయాయి. తిట్లు మాత్రం రత్నాబాయికి పడ్డాయి.

తర్వాత స్టవ్వుల మీద పడ్డాడు. పొద్దున్నే వరండాలో పంపు స్టవ్వులన్నీ ఒక్కసారి అందుకుంటే చాల్ మొత్తం గాల్లోకి లేస్తుందేమో అనిపించేది. దుర్గయ్యకు ఇంతకన్నా ఏం కావాలి? నాగ్‌పాడాలో పాత రేకులు ఏరుకొచ్చి, చిల్లులు కొట్టి, స్టవ్వులకు టోపీలు పెట్టాడు. మోత తగ్గింది, మంట కూడా తగ్గింది. పొద్దున ఎక్కించిన వజ్రమ్మ పప్పు సాయంత్రానికి ఉడికింది. ఇంకో టోపీ ఎగిరి చాల్ పెద్ద బుచ్చన్న చాయ్‌లో పడింది.

"ఇంకొక్క స్టవ్వు ఖరాబైతే ఖోలీ ఖాళీ చెయ్యాలె," అన్నాడు బుచ్చన్న.

రత్నాబాయి మొగుడి చేతిలోని రేకు లాక్కుంది. తాతలనాటి గది ఆ ఖోలీ. "ఇడిసిపెట్టయ్యా, నీకు దండం పెడత," అంది.

"ఒక్కటే ఒక్కటి. ఈసారి రెక్కల టోపీ చేసిన."

మర్నాడు పొద్దున్నే మూల ఖోలీ యాదమ్మ స్టవ్వుకు ఆ టోపీ తొడిగి పంపు కొట్టాడు. రత్నాబాయి పక్కనే నిలబడి చూస్తోంది. మంట నీలంగా, నిండుగా లేచింది. మోత లేదు, సన్నగా సుయ్‌మంటోంది అంతే.

యాదమ్మ మొగుడు యాదయ్య పాలమూరు నుంచి వచ్చిన కూలి. స్టవ్వులు అంటించే వేళకు రోజూ ఏదో పని చెప్పి కిందికి పోయేవాడు. ఆ రోజూ సగం మెట్లు దిగి ఆగాడు. చెవి పెట్టి విన్నాడు. మెల్లగా పైకొచ్చి పెళ్లాం పక్కన కూర్చుని చాయ్ తాగాడు. యాదమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

రత్నాబాయి మొగుణ్ణి పక్కకు లాగింది. "ఏంది కథ?"

"క్వారీల బండలు పేల్చే మందు తూటా పేలి జతగాడు సచ్చినకాన్నుంచి మోతంటే వానికి వణుకు. చాల్‌ల తెలిస్తే పిరికోడని నవ్వుతరని వాని బాధ. అందుకే విమానం పేరు చెప్పి అందరి స్టవ్వులు పట్టిన. నన్ను చూసి నవ్వితే నాకేం పోతది?"

"అయితే విమానం సంగతి ఉత్తదేనా?"

"ఉత్తదెట్లయితది? అది కూడ చేస్త," అన్నాడు దుర్గయ్య నొచ్చుకుని.

రత్నాబాయికి నవ్వొచ్చింది, అతని మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. అంతలో బుచ్చన్న వచ్చాడు. "ఏం తేల్చిన్రమ్మా? టోపీలు బందా, ఖోలీ ఖాళీనా?"

రత్నాబాయి కొంగు నడుముకు దోపింది. "తేల్చేదేముందన్నా? జెట్ విమానం పని నడుమల ఆపుతరా? ఒక్క పెద్ద మోతను పది చిన్న మోతలు చెయ్యాలె. నీ స్టవ్వు ఇటియ్యి."