చోడి చేలో మూడో సీడీ

అరకు దగ్గర మా కాఫీ రైతుల సంఘం ఆఫీసులో అంతోనమ్మ ఎనిమిదేళ్ళు పనిచేసింది. గుమ్మలక్ష్మీపురం వైపు పిల్ల, చర్చిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి గారి కూతురు. సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకుని, అక్కడే కంప్యూటరు నేర్చుకుంది. పొద్దున్నే సిలువ గుర్తు వేసుకోనిదే మిషను బటన్ నొక్కేది కాదు. ఏ రైతు కొండ దిగి వచ్చినా ముందు మంచినీళ్ళిచ్చి, తరవాతే పనేమిటని అడిగేది. నేను వారానికి రెండు రోజులు అక్కడ ఉత్తరాలు రాసేవాణ్ణి కనుక ఇవన్నీ చూశాను.

ఆమెను తలుచుకుంటే నాకు 2006 అక్టోబరులో ఒక గురువారం గుర్తొస్తుంది.

మర్నాడు సేంద్రియ కాఫీ సర్టిఫికెట్ కోసం ఇన్‌స్పెక్టరు రావాలి. నాలుగు వందల పైచిలుకు రైతుల తోటల వివరాలు ఆయన కంప్యూటర్లోనే చూస్తానన్నారు. చూపించలేకపోతే ఆ ఏడు సర్టిఫికెట్ లేనట్టే. ఏరిన కాఫీ పండంతా మామూలు కాఫీలో కలిసి తక్కువ ధరకు పోతుంది. పిడుగు పడి పాత మిషను కాలిపోయింది గాని, వివరాల నకలు వేరే సీడీలో భద్రంగానే ఉంది. సిస్టర్లు పంపిన ఇంకో మిషనులో అంతోనమ్మ పేజీలు చూపించే వెబ్ సర్వర్ పెట్టి, ఆ నకలు ఎక్కించి, మా రైతుల వివరాల పేజీ తెరిచింది. పేర్లు రావలసిన చోట బ్రాకెట్లు, డాలరు గుర్తులు బారులు తీరాయి.

"ఏటిది? మనోళ్ళ పేర్లేవి?" అన్నాడు సంఘం ప్రెసిడెంటు సింహాచలం.

"ఉన్నాయి బాబూ. పేజీ రాసిన భాష ఈ సర్వరుకి రాదు. ఆ భాష నేర్పే ముక్కొకటుంటాది, మాడ్యూలంటారు. అదెక్కిస్తే సాలు."

"మరి బేగి ఎక్కించు!"

ఆమె ప్యాకేజీ మేనేజరనే ప్రోగ్రాముకు మాడ్యూలు పేరు టైపు చేసి ఇచ్చింది. ఏ ముక్క కావాలో, దానికి తోడు ఇంకేం కావాలో ఆ ప్రోగ్రామే వెతికి పెడుతుంది. వానకు ఫోను లైను తెగి పదిరోజులైంది, నెట్ లేదు. అందుకని అన్నీ సిస్టర్లిచ్చిన సీడీల నుంచే. కాసేపాగి అది ఒక్కటే అడిగింది: మూడో నంబరు సీడీ పెట్టి ఎంటర్ నొక్కండి.

డబ్బాలో ఒకటుంది, రెండుంది, నాలుగుంది. మూడు లేదు. బీరువా అంతా వెతికి, అంతోనమ్మ నెత్తిన చేయి పెట్టుకుంది.

"అయ్యో ప్రభువా! సుక్రు బాబాయికి ఇచ్చేసినాను!"

మా వైపు పండే చోడి, అంటే రాగి చేల మీద చిలకలు వాలకుండా పాడైన సీడీలు కడతారు. రెండు వారాల కిందట కొండమీది మా రైతు సుక్రు వచ్చి అడిగితే, బల్ల మీద పాడైనవాటినన్నిటినీ కట్టగట్టి ఇచ్చింది. అప్పుడు ఆ బల్ల మీదే మంచి సీడీలు కూడా సర్దుతోందట, మూడోది వాటిలో కలిసిపోయి ఉండాలి.

ఇద్దరం గంట నడిచి కొండెక్కాం. చేనంతా కర్రలకు అడ్డతీగ నారతో కట్టిన సీడీలు తళతళమంటున్నాయి. మార్కరుతో రాసిన అంకెలను వాన కడిగేసింది. దేనిమీదా ఏమీ లేదు.

"నువ్వే గదమ్మా ఇచ్చినావు. దొంగతనం సెయ్నేదు నేను," అన్నాడు సుక్రు.

"నిన్నంటానా బాబాయ్, తప్పు నాదే. ఏది మూడోదో తెలీదు. అన్నీ కావాల."

సుక్రు ఎర్రబారిన కంకుల వంక చూశాడు. పక్క చెట్టు నిండా చిలకలు. ఏడాది తిండి ఆ చేలోదే. ఆయన భార్య సోములమ్మ మాత్రం అప్పటికే ముడులు విప్పుతోంది.

"ఏటి సూత్తన్నావు, ఇప్పేయ్! సీడీలు రాకముందు మనకి నోళ్ళు లేవేటి? పళ్ళేలు కొట్టి తోలుకుందాం." పై చేలో ఆడవాళ్ళను కేకేసింది. నలుగురు పళ్ళేలు పట్టుకుని దిగివచ్చారు.

సుక్రు సీడీలు మూటగట్టి ఇస్తూ అన్నాడు: "సిలకలకి సదువు రాదు గాబట్టి బెదిరినాయి. నీ మిషనైనా సదువుతాదేటో సూడమ్మా."

ఆఫీసులో సబ్బునీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే పెట్టింది. ఇది కాదు, ఇదీ కాదు. పందొమ్మిదోది పెడితే మిషను మళ్ళీ అడగలేదు. సన్నగా గుయ్యిమంది. సగంలో కరకరమని ఆగిపోయింది. అంతోనమ్మ దాన్ని తీసి, మళ్ళీ తుడిచి, కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కింది. ఈసారి ఆగలేదు. మాడ్యూలు ఎక్కింది.

సర్వర్ ఆపి, మళ్ళీ మొదలుపెట్టి పేజీ తెరిచేసరికి తెర నిండా పేర్లు. సింహాచలం వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివాడు, హాజరు వేసినట్టు.

"ఉన్నార్రా! అందరూ ఉన్నారు!"

మర్నాడు ఇన్‌స్పెక్టరు తనకు తోచిన పాతిక పేర్లు నొక్కి చూశారు. కొన్ని తోటలకు నడిచి వెళ్ళి సరిచూశారు. మూడు గంటలకు సంతకం పెట్టి జీపెక్కారు. సింహాచలం వాకిట్లో కాచుకున్న రైతుల దగ్గరికి పరుగెత్తాడు.

"సర్టిఫికెట్ వచ్చినట్టే! పండు ఏరుకోండర్రా!"

బయట ఒకటే గోల. లోపల అంతోనమ్మ బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. సింహాచలం తలుపు దగ్గరగా వేసి, అందర్నీ దూరంగా వెళ్ళి అరుచుకోమన్నాడు.