కోటు చేతుల కొలత

కోట్ల మామ్మకి మతి పోయిందన్నవాళ్లు ఒక్కసారి ఆవిడ కుట్టుపని కొట్టుకి వచ్చి ఆ తిట్లు వినాలి. ఒక్క తిట్టు మర్చిపోతే ఒట్టు. మర్చిపోయింది మనవరాలి మొహం ఒక్కటే. మూడు పూటలా అన్నం పెట్టి, స్నానం చేయించే ఆ పిల్లే ఎదురుగా నిలబడితే, కొట్లో చొరబడిన దొంగంటుంది. ఆవిడ లెక్కలో అసలు మనవరాలు ఎక్కడో దూరంగా పని నేర్చుకుంటోందట. దానికి వారానికో ఉత్తరం.

ఆ ఉత్తరం పోస్టులో వెయ్యమని ఇచ్చేది మళ్లీ ఈ దొంగకే. అదీ కవరు అంచు సూదీదారంతో బిగించి కుట్టి మరీ ఇస్తుంది. పిల్ల మిషను వెనక్కి వెళ్లి కుట్టు విప్పి చదువుకునేది. చదవక చస్తుందా? నలభై ఏళ్లు కోట్లు కుట్టిన మనిషి, ఎదురుగా అడిగితే పని గురించి ఒక్క ముక్క చెప్పదు. కిటుకులన్నీ ఆ ఉత్తరాల్లోనే.

హోటల్ బేరర్ల కోట్లు పన్నెండు ఒప్పుకుంది పిల్ల. గుడ్డ హోటల్ వాళ్లదే. కోటుకి చేతులు ఎక్కించడం ఒక్కటే దానికి రాదు. ఈసారి తేడా వస్తే ఆ పని ఎదురు కొట్టుకి పోతుంది, ఈ కొట్టుకి తాళమే.

సరిగ్గా ఆ వారమే ఉత్తరంలో మామ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "బంగారం, చంక చుట్టుకొలత ఎంతో కోటు చెయ్యి పై అంచూ అంతే కత్తిరించు. వెంట్రుకవాసి కూడా ఎక్కువ పెట్టకు."

పిల్ల పొంగిపోయి పన్నెండింటికీ కత్తిరించేసింది. ఎక్కించి చూస్తే భుజాలు ముడతలు, చెయ్యెత్తితే చంక పట్టేస్తోంది. విప్పి కుట్టింది, మళ్లీ విప్పింది. తన వేళ్లనే తిట్టుకుంది. మామ్మ కుర్చీలోంచి చూస్తూనే ఉంది. ఆ రోజు ఒక్క తిట్టూ తిట్టలేదు.

మర్నాడు ఇంకో కవరు ఇచ్చింది.

"బంగారం, కొట్లో దొంగపిల్ల నీ ఉత్తరాలు చదువుతోందని అనుమానమొచ్చి, కావాలనే తప్పు కొలత రాశాను. ఆ కొలతకే గుడ్డ కోసింది, కళ్లారా చూశాను. అసలు కొలత నువ్వొచ్చాక నీకే చెబుతా."

పిల్లకి ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం తెచ్చి మామ్మ ఒళ్లో పడేసింది. "వచ్చాను మామ్మా. నేనే. చెప్పు."

మామ్మ ఎగాదిగా చూసి, పక్కనున్న కత్తెరని తన దగ్గరికి లాక్కుంది. "ఉత్తరాలు చాల్లేదా? ఇప్పుడు నా మనవరాలినే కాజేస్తావా?"

"నీ మనవరాలు ఇక రాదు," అంది పిల్ల. నొప్పెట్టాలనే అంది.

"వస్తుంది. అది నీలాంటిది కాదు," అంటూ మామ్మ ఇంకో ఉత్తరం రాయడానికి కాగితం ఇమ్మని చెయ్యి చాపింది.

పిల్ల ఇవ్వలేదు.