ప్రేమ మాత్ర నా మీద పనిచేయలేదు

రోజూ పొద్దున ఐదున్నరకు రెండు వందల మందిని నేను ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి. "మందులేమన్న వాడుతున్నరా? బీపీ, షుగర్, ఫిట్స్, తల తిరుగుడు, ఎవ్వలికన్న ఉన్నదా?" రెండు వందల మందీ ఒకే గొంతుతో "లేదు సార్" అనేవాళ్లు. హిందీలో అడిగితే హిందీలో, తెలుగులో అడిగితే తెలుగులో, జవాబు మాత్రం అదే. నేను కాగితం మీద టిక్కు పెట్టి కింద సంతకం గీకేవాణ్ణి. ఖతర్‌లో ఒక స్టేడియం పైకప్పుకు ఇనుప పని జరుగుతున్న సైటులో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. వరల్డ్ కప్పుకు ఇంకా కొన్నేళ్ల టైముంది. అయినా దోహాలో ఎటు పోయినా తవ్వకాలే, ఎవరిని కదిలించినా తొందరే.

వాళ్లు చెప్పేది అబద్ధమని నాకు తెలుసు. బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంపు నుంచి బస్సుల్లో వచ్చే వాళ్లలో చాలామంది నలభై దాటినవాళ్లు. ఆ వయసులో, ఆ ఎండలో, ఆ ఉప్పు పచ్చళ్లు తింటూ ఒక్కడికీ బీపీ లేకపోవడం ఎక్కడి మాట? కానీ "వాడుతున్న" అన్నవాణ్ణి ఎత్తు మీద పని నుంచి తీసేస్తారు. తీసేస్తే ఓవర్‌టైం పోతుంది, మెల్లగా కంపెనీ ఇంటికి పంపినా పంపుతుంది. అందుకే ఎవరి మాత్రలు వాళ్ల జేబుల్లో గుట్టుగా ఉండేవి. నాకు మహా చిరాకు. ఒకరోజు మైకులో అరిచాను, "రేపటి సంది జేబులు చూస్త. దొరికితె ఇంటికే. అబద్ధం చెప్తె సచ్చేది మీరే, నేను కాదు." జేబులు నేనెప్పుడూ చూడలేదు. ఊరికే బెదిరించాను.

ఆ తర్వాత వారానికి మా జిల్లా ఆయనే ఒకాయన పడ్డాడు. ఎత్తు పనికి ఇనుప పైపుల మంచెలు, అదే స్కాఫోల్డింగ్, కట్టేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను సార్ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. పొద్దున నా ముందే "లేదు సార్" అన్నాడు. రెండు గంటల తర్వాత, బెల్టు హుక్కు ఒక చోట తీసి ఇంకో చోట తగిలించే లోపల, తల తిరిగి రెండంతస్తుల ఎత్తు నుంచి ఇసుక కుప్ప మీద పడ్డాడు. ఇసుక కాబట్టి ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో చూస్తే బీపీ ఆకాశంలో ఉంది. విచారణకు వచ్చినవాళ్లు నా కాగితం చూశారు. టిక్కు ఉంది, సంతకం ఉంది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన్ని చక్రాల కుర్చీలో విమానం ఎక్కించిన రోజు నేను ఎయిర్‌పోర్టుకు పోలేదు. డ్యూటీ ఉందన్నాను.

అక్కడి నుంచి నాకు నిద్ర కరువైంది. పొద్దున మైకు పట్టుకుంటే చేతులు వణికేవి. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు నా భార్య నన్ను కరీంనగర్‌లో మనసు డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది. ఆయన డిప్రెషన్ అన్నాడు, రోజుకొక మాత్ర రాశాడు. డాక్టరు చీటీ పెట్టుకుని, దోహా ఎయిర్‌పోర్టులో చూపించి మరీ లోపలికి తెచ్చుకున్నాను. అక్కడిదాకా అంతా పద్ధతి ప్రకారమే. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నలుగురం కలిసి ఉండే విల్లా గదికి చేరగానే మాత్రలన్నీ పట్టీల నుంచి ఒత్తి తీసి ఒక విటమిన్ సీసాలో పోశాను. నా రూమ్మేట్ ఒకాయన అలాంటి వాటిని "పిచ్చి మందులు" అనడం నేను విన్నాను. రెండు వందల మంది జేబుల మీద అరిచిన మనిషి చేసిన పని అది.

మాత్రలు పనిచేశాయి, కాదనను. నిద్ర వచ్చింది, వణుకు పోయింది. దాంతోపాటు ఇంకేదో కూడా పోయింది. ఏడుపు రాదు, నవ్వు రాదు. నా కూతురు ఫోన్‌లో బళ్లో నేర్చుకున్న పాట పాడితే "మంచిగుంది బిడ్డా" అన్నాను. మంచిగుందో లేదో నాకు నిజంగా తెలియలేదు. స్కాఫోల్డింగ్ అన్నకు ఫోన్ చేద్దామని నంబరు తీసేవాణ్ణి, ఆయన ఏడిస్తే నాకేమీ అనిపించకపోతే ఎలా అని మళ్లీ పెట్టేసేవాణ్ణి. నాలో అసలు ప్రేమ అనేది మిగిలి ఉందా లేదా? ఆ రోజుల్లో నన్ను తిన్న భయం అదొక్కటే.

మరుసటి ఏడాది సెలవులో ఇద్దరు కాలేజీ స్నేహితులు గోవా పోదామన్నారు. "పొయ్యి రా, మనిషివైతవేమో" అని నా భార్యే పంపింది. అక్కడ ఒక సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, వాళ్లలో ఒకడు చిన్న గులాబీ రంగు మాత్రలు తీశాడు. నేరమని నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఖతర్‌లో డ్రగ్స్ అన్న మాట పలకడానికే భయపడతాం. అయినా విన్నాను.

"దీన్ని ప్రేమ మాత్ర అంటర్రా. లోపల గడ్డ కట్టుకున్నదంత బయటికొస్తది," అన్నాడు వాడు. తర్వాత నా మొహంలోకి చూసి అడిగాడు, "మందులేమన్న వాడుతున్నవా? నిజం చెప్పు, ఇది ఆటకాదు."

"ఏం లేవురా. విటమిన్లు, అంతే."

ఒక్క క్షణం కూడా ఆగలేదు నా నాలుక. ఏళ్ల తరబడి రోజుకు రెండు వందల సార్లు విన్న జవాబు, నాకు రాక ఇంకెవరికి వస్తుంది?

గంట గడిచింది. ఒకడు చనిపోయిన తన తమ్ముడి గురించి మాట్లాడుతూ హాయిగా ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే నవ్వుతున్నాడు. ఇంకొకడు నా చేయి పట్టుకుని, కాలేజీలో నా మీద చెప్పిన ఏదో చాడీకి క్షమాపణ అడిగాడు. ఆ చాడీ సంగతి నాకు గుర్తే లేదు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. దవడలు బిగుసుకున్నాయి, చొక్కా చెమటతో తడిసింది. అంతే. సముద్రం సముద్రంలాగే ఉంది, వాళ్లు వాళ్లలాగే ఉన్నారు, నేను నాలాగే ఉన్నాను. "నాకేం కాలేదు, ఇంకోటి ఇయ్యి," అని చేయి చాచాను. వాడు ఇవ్వబోయి, నా మెడ మీద చేయి వేసి వెనక్కి తగ్గాడు. "వద్దురా. నీ ఒళ్లు కాలిపోతున్నది."

మా సైటులో పరీక్షకు నిలవని తాడుకు, బెల్టుకు ఎర్ర ట్యాగ్ కడతాం. ఇక దాన్ని ఎవరూ ముట్టకూడదు. గోవా నుంచి తిరిగి వస్తూ నాకు నేనే ఆ ట్యాగ్ కట్టుకున్నాను. రాళ్లను కూడా కరిగిస్తుందన్న మాత్ర నన్ను కరిగించలేదంటే లోపల కరగడానికి ఏమీ లేదన్నమాట. కాగితాలతో బతికేవాణ్ణి, పరీక్ష ఫలితాన్ని నమ్మాను.

దోహా వచ్చిన కొన్ని నెలలకు ఫోన్‌లో ఏదో చదువుతుంటే కనబడింది. రోజూ డిప్రెషన్ మాత్రలు వేసుకునేవాళ్ల మీద ఆ ప్రేమ మాత్ర సరిగా పనిచేయదట. చదివి ఎగిరి గంతేశాను. అంటే నేను ఫెయిల్ కాలేదు, పరీక్షే సరిగా జరగలేదు! ఈ రోజు నుంచే మాత్రలు మానేసి, వచ్చే సెలవుకు ఖాళీ ఒంటితో పోయి మళ్లీ చూసుకుంటాననుకున్నాను. డాక్టర్‌ని అడగాలని తోచలేదు. విటమిన్ సీసాను బట్టల కింద తోసేశాను.

మూడు రోజులు బాగానే ఉంది. తర్వాత తలలో కరెంటు కొట్టినట్టు చిటుక్కు చిటుక్కుమనడం మొదలైంది. ఆరో రోజు స్టేడియం పై అంచుకు పోయే మెట్ల మీద ఉన్నాను, పైన ఇనుప కమ్మీలు తనిఖీ చేయాలి. తల పక్కకు తిప్పగానే కళ్ల ముందు మెట్లు జారాయి. కమ్మీ పట్టుకుని కూలబడ్డాను.

నా వెనకే వస్తున్నది మా సైటు ఇంజనీరు. తెల్లాయన, ఒకప్పుడు తన దేశపు సైన్యంలో పనిచేసినవాడు, తక్కువ మాట్లాడేవాడు. పక్కన కూర్చుని ఇంగ్లీషులో అడిగాడు. "తలలో కరెంటా? కళ్లు తిప్పితే ఎక్కువవుతోందా? ఏ మాత్ర మానేశావు?"

"ఏం లేదు సార్," అన్నాను.

ఆయన హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను," అన్నాడు.

అప్పుడు నోరు విప్పాను. సీసా, గోవా, వచ్చే సెలవు ప్లాను, అన్నీ ఆ మెట్ల మీదే చెప్పేశాను. ఆయన తన కథ చెప్పాడు. యుద్ధం నుంచి వచ్చాక ఆయనకూ నిద్ర లేదు, ఆయనా ఇలాంటి మాత్రలే వాడాడు. తన దేశంలో డాక్టర్లు ఆ ప్రేమ మాత్రనే వైద్యంగా ఇచ్చి చూస్తున్న చోట చేరాడట. అక్కడ ముందు గుండె పరీక్షలు చేశారు. తర్వాత వారాల తరబడి, డాక్టరు చూస్తుండగా, కొంచెం కొంచెంగా పాత మాత్రలు తగ్గించారు. ఆ వారాలే తన జీవితంలో అన్నిటికంటే గడ్డు రోజులని, భార్య ఉద్యోగానికి సెలవు పెట్టి పక్కనే కూర్చుందని చెప్పాడు. మాత్ర ఇచ్చిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరు వైద్యులు ఆయన పక్కనే ఉన్నారట. పాత మాత్రలు ఈ మధ్యే మానినవాళ్లకు ఇది అంతగా పట్టదేమోనని ఆ డాక్టర్లకే అనుమానం ఉండేదట.

"నువ్వు రోజూ వేసుకునేది మెదడులో ఒక తలుపుకు లోపల గడియ పెడుతుంది. ఆ రెండోది ఆ తలుపు గుండానే దూరాలి. దూరలేదు. నీలో ఏమీ లేదని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. ఆ తర్వాత గొంతు మారింది. ఏమీ కాలేదని రెండోది, మూడోది మింగి, ఒళ్లు వేడెక్కి, గుండె ఆగి పోయినవాళ్లున్నారన్నాడు. డిప్రెషన్‌కే ఇచ్చే కొన్ని వేరే రకం మాత్రలతో అయితే ఒక్కటి చాలట ప్రాణం తీయడానికి. "రెండోది ఇవ్వనన్న నీ స్నేహితుడికి ఉత్తరం రాసి థాంక్స్ చెప్పు. ముందు నువ్వు డాక్టర్ దగ్గరికి పద."

"మీకు నయమైందా?" అని అడిగాను.

ఆలోచించాడు. "కొంత. మాత్ర ఇచ్చిన రోజు, యుద్ధంలో చనిపోయిన మా వాడి గురించి మాట్లాడగలిగాను. ఆ తర్వాత నెలల తరబడి చేసిందంతా మాట్లాడటమే."

క్లినిక్‌లో డాక్టరు నన్ను చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టాడు, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాడు. అన్నీ మొద్దుబారినట్టున్నాయని చెబితే, "అది నాకు చెప్పాలి, మోతాదు చూద్దాం, సీసాకు చెబితే ఏం లాభం?" అన్నాడు. మర్నాడు నా కాగితంలో, ఎత్తుకు పనికిరానివాళ్ల గడిలో, నా పేరు నేనే రాసుకున్నాను. కంపెనీ నన్ను ఇంటికి పంపలేదు. నేను ఆఫీసర్‌ని కాబట్టి పంపలేదు, అది నాకు బాగా తెలుసు. అందుకే మైకు పక్కన పెట్టాను. నర్సును కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి అడగడం మొదలుపెట్టాను. "ఉన్నది" అన్నవాడికి కింద అవే గంటల డ్యూటీ ఇవ్వాలని మేనేజరుతో గొడవపడ్డాను. సగం గెలిచాను. మొదటి వారం పదకొండు మంది "ఉన్నది సార్" అన్నారు.

ఆ శుక్రవారం పొద్దున స్కాఫోల్డింగ్ అన్న నంబరు కొట్టాను. ఆయన భార్య ఎత్తి, "దుబాయ్ నుంచి సారట," అని కేకేసింది. మా ఊళ్లలో గల్ఫ్ అంతా దుబాయే. చేతికర్ర చప్పుడు దగ్గరికి వచ్చింది.

"సార్! ఎన్ని దినాలైంది! నా మీద కోపమున్నదనుకున్న."

"నాకెందుకు కోపం అన్నా?"

"ఆ దినం మీరు అడిగిండ్రు గద, నేనే లేదన్న. మీ కాయిదం ఖరాబు చేసిన. మీకు కంపెనీల ఏమన్న మాట వచ్చిందా అని ఇప్పటికీ రంది సార్ నాకు."

రెండేళ్లుగా కాలీడ్చుకుంటూ ఆ మనిషి నా గురించి బెంగ పెట్టుకున్నాడు.

"మాట రాలేదన్నా," అన్నాను.

"మంచిగైంది. తబియత్ ఎట్లున్నది మరి?"

'ఏం లేదు, మంచిగున్న' నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మాత్రలు వాడుతున్న అన్నా. మనసు మంచిగలేక. ఏడాదిన్నర ఆయె. నడుమల ఇడిసిన, తల తిరిగి పడబోయిన."

"అయ్యో, ఇడువకుండ్రి సార్," అన్నాడు వెంటనే. "నేను గట్లనే గద పడ్డది. మీరు జేబులు చూస్తమన్నరని మాత్రలు రూంల వెట్టిన. పొద్దుగాల బస్సుల ఏసుకునుడు అలవాటు, ఇగ ఆ వారం మొత్తం ఏసుకోలే."

నన్ను తప్పుపట్టాలని కాదు, జాగ్రత్త చెప్పాలనే ఆ మాట అన్నాడు. నా బెదిరింపే ఆయన్ని కిందికి తోసిందని ఆయనకు తోచనే లేదు. నేను చెప్పాను. "అన్నా, నేనెన్నడు జేబులు చూడలే. ఊకె అన్న. నా మాటతోనే నువ్వు పడ్డవు."

అవతల చేతికర్ర గోడకు ఆనించిన చప్పుడైంది. తర్వాత దగ్గి, "రోజు ఏసుకోండ్రి సార్, మరువకుండ్రి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి గదిలో మంచం అంచున కూర్చున్నాను. ఆ మనిషి మీద ప్రేమ, నా మీద సిగ్గు, రెండూ లోపల నిండుగా ఉన్నాయి. ఏడుపు మాత్రం రాలేదు. ఆ పూట మాత్ర నేను అప్పటికే వేసుకుని ఉన్నాను.